గోడ వెనక పొలం

క్యాంబువా నదిలో నీళ్లు ఏడాదికి ఇరవై రోజులు పారితే గొప్ప. మిగతా రోజులన్నీ అది ఉత్త ఇసుక. అయినా కసియోని ఊళ్లో ఎవరూ నది ఎండిపోయిందని అనరు, నీళ్లు కిందికి దిగాయని అంటారు. ఆ ఏడు జూలై దాటకముందే నీళ్లు నిలువెత్తు లోతుకి దిగాయి. కటుంగే ఇసుకలో తవ్విన గోతిలోకి దిగి సొరకాయ బుర్రతో నీళ్లు తోడి నాలుగు డబ్బాలు నింపి గాడిద మీద కట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

అలాంటి రోజుల్లో నీటి శాఖ నుంచి కియిలు అనే ఉద్యోగి వచ్చి, ఇసుక ఆనకట్టకి సిమెంటు మంజూరైందని చెప్పాడు. ఊరు ఊరంతా బడి ఆవరణకి కదిలింది. ఇసుక ఆనకట్ట అంటే ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అడుగున బండ దొరికిన చోట నదికి అడ్డంగా గోడ కడతారు. వరద మోసుకొచ్చిన ఇసుక గోడ వెనక నిండుతుంది. ఎండ తగలకుండా, పశువులు తొక్కకుండా, నీళ్లు ఆ ఇసుక గింజల సందుల్లో ఏడాదంతా నిలుస్తాయి.

కియిలు కాగితాలేవీ తీయలేదు. "ముందు మీ నదిని మీరే గీయండి, నేను చూస్తాను" అన్నాడు. ఆడవాళ్లు బూడిదతో నదిని పోశారు. మట్టి కుప్పలు కొండలయ్యాయి, మొక్కజొన్న కంకులు ఇళ్లయ్యాయి. ఒకరు వంపు పెడితే ఇంకొకరు చెరిపారు. "అక్కడ మీ అత్తగారిల్లుంది గానీ నది ఎక్కడుందే?" అని ఒకామె అంటే అందరూ పకపకా నవ్వారు. గంటసేపటికి ఎగువన కొండమీది ముతూని ఊరి నుంచి దిగువన కసియోని రేవు దాకా నది మొత్తం నేల మీద పడుకుంది.

"గోడ ఎక్కడ కడదాం?" అని అడిగాడు కియిలు.

పది చేతులు ఒకేసారి పెద్ద వంపు మీదికి వెళ్లాయి.

"గోడ ఇప్పుడే వద్దు" అంది కటుంగే.

ఆమెకి యాభై రెండేళ్లు. ఊళ్లో అందరూ కలిసి ఒకరి పొలం పని ఒకరు చేసుకునే బృందాన్ని మ్వేత్యా అంటారు. ఆ మ్వేత్యాకి ఆమె పెద్ద. గొంతెత్తి మాట్లాడే అలవాటు లేదు, అవసరమూ రాదు.

"మా వదినకి ఎండదెబ్బ తగిలినట్టుంది. కాస్త నీళ్లివ్వండి. ఓ, నీళ్లే లేవు కదూ!" అన్నాడు ముసెంబి. అతను ఆమె చనిపోయిన భర్తకి తమ్ముడు. నదిలో ఇసుక ఎత్తి లారీలు నింపే కూలీల ముఠాకి మేస్త్రీ.

వెనకనుంచి ఎవరో అరిచారు. "తొమ్మిదేళ్ల కింద గోడ గోడ అని మా ప్రాణాలు తోడేసింది నువ్వే కదమ్మా! ఇప్పుడు వద్దంటావా?"

"అవును, తోడేశాను" అంది కటుంగే. "మీ అందరిచేతా రాళ్లు మోయించాను. పిల్లల తల్లులని కూడా వదల్లేదు. గోడ లేచింది. దాని వెనక ఏం నిండింది? బురద. ఈరోజుకీ అందులో చెయ్యి పెడితే చుక్క నీరు రాదు. మీరంతా నన్ను వెనకాల 'బురద మేడమ్' అంటారని కూడా నాకు తెలుసు."

కొందరు తల దించుకున్నారు. ఒకరిద్దరు నవ్వాపుకున్నారు.

"తప్పు నాదే. గోడ గురించి తప్ప దేని గురించీ ఆలోచించలేదు. ఇసుక రావాల్సిన చోటికి మన్నెందుకొచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు. ఈసారి అడుగుదాం. ముందు నదిని పైదాకా నడిచొద్దాం. మన్ను ఎక్కడ జారుతోందో అక్కడ ఆపుదాం. గోడ సంగతి ఆ తర్వాత."

కియిలు గడ్డం గోక్కున్నాడు. ఆమె చెప్పింది అతను చదువుకున్నదే. కానీ ఊరివాళ్ల నోటినుంచి వినడం అదే మొదలు. "సిమెంటు ఫిబ్రవరి దాకా ఆగుతుందమ్మా. అంతకు మించితే ఇంకో ఊరికి పోతుంది."

"ఫిబ్రవరి చాలు నాయనా" అంది ఆమె, సంతకి వెళ్లొస్తానన్నంత తేలిగ్గా.

*

పన్నెండు మంది రెండు రోజులు నడిచారు. నదిని పట్టుకుని కింది నుంచి పైకి. కియిలు పుస్తకంలో రాసుకున్నాడు, కటుంగే కళ్లతో రాసుకుంది. ఎక్కడ ఆవుల బాట ఒడ్డుని కోసిందో, ఎక్కడ బొగ్గుల కోసం చెట్లు నరికారో, ఎక్కడ కిత్తనార మొక్కలు ఇంకా మట్టిని పట్టుకుని ఉన్నాయో చూసుకుంటూ పోయారు. రెండో రోజు మధ్యాహ్నం ముతూని వాలు చేరారు. అక్కడ పొలం మధ్యనుంచి ఒక గండి పడి ఉంది. మనిషి దిగితే తల కనపడనంత లోతు. దాని రెండు పక్కలా మొక్కజొన్న మోకాలెత్తు పెరిగి ఆగిపోయింది.

"ఏంటమ్మా, ఇంతమంది దిగబడ్డారు? మా ఇంట్లో పెళ్లీడు పిల్లలెవరూ లేరే!"

చేతికర్ర పట్టుకుని వచ్చిన ముసలాయన పేరు కితోంగా. ఆ పొలం ఆయనదే. ముతూనిలో ఆయన మాటకి ఎదురులేదు.

కటుంగే వంగి నమస్కరించి వచ్చిన పని చెప్పింది. వాలుకి అడ్డంగా కందకాలు తవ్వి, ఆ మట్టినే పైవైపుకి విసిరి గట్లు వేస్తే మన్ను ఆగుతుందని, ముతూని మొత్తం అలా చేయాలని అంది. ఆయన చివరిదాకా విని కర్రని నేలలో గుచ్చాడు.

"అంటే, నీళ్లు మీకు, నడుం నొప్పి మాకు. బాగానే ఉందమ్మా లెక్క! పైగా మా మట్టి మీ గోడని పాడుచేసిందని నా ముంగిట్లోకొచ్చి నేరం మోపుతున్నారు."

"నేరం మోపడానికి రాలేదు పెద్దయ్యా. మీ సొత్తు మా దగ్గరుందని చెప్పడానికొచ్చాం. మీ పొలం తొమ్మిదేళ్లుగా మా గోడ వెనక పడుంది. వచ్చి చూసుకోండి."

ముసలాయన నవ్వలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. దిగుతున్నప్పుడు కియిలు కటుంగే పక్కకి వచ్చి, "చెడగొట్టుకున్నాం కదమ్మా" అన్నాడు.

"ఆయన కర్ర చూశావా? గుచ్చినచోటే వదిలేసి పోయాడు" అంది కటుంగే. "అంతలా ఆలోచనలో పడ్డవాడు రాకుండా ఉండడు."

అయిదో రోజు పొద్దున కితోంగా వచ్చాడు. తొమ్మిది కిలోమీటర్లు నడిచి, ఎవరినీ దారి అడక్కుండా, నేరుగా పాత గోడ దగ్గరికి. కబురు తెలిసి కటుంగే పరుగున వెళ్లేసరికి ఆయన గోడ వెనక గట్టిపడ్డ మన్ను మీద గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో పెళ్ల. దాన్ని నలిపి అరచేతిలో పరిచాడు. ఎర్రమట్టి, అందులో బియ్యపు గింజలంత తెల్లరాళ్లు.

"ఈ తెల్లరాయి ముతూని మొత్తంలో నా చేలోనే ఉంటుంది" అన్నాడు మెల్లగా. "పైమడిలో. మా అమ్మ అందులో కందులు వేసేది. కంది పీకేటప్పుడు ఈ రాళ్లు గుచ్చుకుంటాయని మేం ఏడ్చేవాళ్లం." చుట్టూ చూశాడు. గోడ నుంచి పైకి రెండువందల అడుగులు పొడుగునా అదే ఎరుపు. "మా అన్నదమ్ములు హద్దురాయి జరిపి మడి మింగారని ఎనిమిదేళ్లుగా వాళ్లతో మాటల్లేవు నాకు. మడి ఇక్కడుంది."

కటుంగే వెళ్లి పక్కన కూర్చుంది. ఆయనే అడిగాడు.

"ఎంతమంది వస్తారు?"

"అరవై మంది. సోమవారం, గురువారం. మా పలుగులు మావే, మా పారలు మావే."

"మా పొలాల్లో మీరు తవ్వుతారా?"

"మీతో కలిసి తవ్వుతాం. మీరు జనవరిలో గోడకి రాళ్లు మోయండి. అదీ ఒప్పందం."

"తిండి?"

"వండించేది మీరే. పని చెడగొట్టే వంట మాత్రం వద్దు పెద్దయ్యా."

ముసలాయన ఈసారి నవ్వాడు. "నా కోడలు వండే ముథొకోయి తింటే మీవాళ్లు కొండ దిగరు. ఆ భయం నీకుండాలి."

*

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ముతూని వాలు మీద సోమ గురువారాలు తిరునాళ్లలా సాగాయి. మూడు కర్రలు కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీసిన చట్రంతో మట్టం చూసుకుంటూ ముందు ఇద్దరు గీత గీసేవారు. వెనక వరసగా పలుగులు పడేవి. దంచి పొట్టు తీసిన మొక్కజొన్నతో అలసందలు కలిపి ఉడికించిన ముథొకోయి పెద్ద బానల్లో వచ్చేది. కసియోని ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే ముతూని మగవాళ్లు అందుకునేవారు, అందుకోలేకపోతే మాట పడేది.

"ఏం బాబాయ్, పలుగు బరువా, పొట్ట బరువా?"

"నువ్వు కందకం తవ్వుతున్నావో, కోడి గీరుతోందో తెలియట్లేదమ్మాయ్, అందుకే ఆగి చూస్తున్నా."

కితోంగా అన్నదమ్ములు మొదటివారం దూరం నుంచి చూశారు. రెండో వారం పారలు తెచ్చారు. హద్దురాయి ఊసు ఎవరూ ఎత్తలేదు.

పని లేని రోజుల్లో రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని కియిలు చేత రాయించారు. ఒడ్డు నుంచి ముప్పై అడుగుల లోపు దున్నకూడదు. పశువులు రెండే రెండు బాటల్లో దిగాలి. కొట్టిన ప్రతి చెట్టుకీ మూడు నాటాలి. అన్నీ సాగాయి గానీ ఒక్క మాట దగ్గర ఆగింది. పెద్ద వంపు నుంచి రేవు దాకా ఇసుక ఎత్తకూడదు అన్నచోట.

ఆ సాయంత్రం ముసెంబి కటుంగే ఇంటికొచ్చాడు. ఆమె ఇచ్చిన టీ గ్లాసు ముట్టుకోలేదు.

"నది నీ పుట్టింటివాళ్లిచ్చారా వదినా? నా పారే నా అన్నం. నాతోపాటు పద్నాలుగు ఇళ్లు."

"తెలుసు. అందుకే నిన్ను పిలవాలనుకుంటుంటే నువ్వే వచ్చావు. టీ తాగు."

"తాగను."

"సరే, చల్లారనీ. ఒకటి చెప్పు. వంపు దగ్గర బండ ఎంత లోతున ఉంది?"

ముసెంబి ఆమెని అనుమానంగా చూశాడు. "ఒక ఒడ్డున నడుం లోతు. ఇంకో ఒడ్డున నిలువు లోతు. మధ్యలో పగులుంది. ఇరవై ఏళ్లుగా నా పార దానికి తగిలి అరుగుతోంది. నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది?"

"కియిలుకి తెలీదు. నాకూ తెలీదు. పాత గోడ కట్టినప్పుడు కూడా ఎవరం నిన్ను అడగలేదు. పగుల మీద గోడ కడితే నీళ్లు కిందనుంచి జారిపోతాయి. పునాది పని నువ్వు చూడకపోతే ఈ గోడా దండగే."

"బాగుంది. నా నోటికాడి కూటికి అడ్డంగా గోడ నేనే కట్టుకోవాలా?"

"రేవుకి దిగువన ఇసుక ఎత్తుకోవచ్చని రాయిద్దాం. ఎంత లోతు, ఎన్ని లారీలు అన్నది కొలిచి చెప్పేది మీ ముఠానే. బయటివాళ్ల పార అక్కడ పడకూడదు. ఇప్పుడు ఎవరి లారీ వస్తే వాడిదే నది. ఇంకో అయిదేళ్లు ఇలాగే ఎత్తితే నీ పారకి తగిలేది బండొక్కటే. అప్పుడు పద్నాలుగు ఇళ్లూ ఏం తింటాయి?"

ముసెంబి గ్లాసు అందుకుని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"లోతు గుర్తులు నేను పెడతాను. ఆ కియిలు కాదు."

"నువ్వే పెట్టు."

"పంచదార తక్కువైంది."

"వేడిగా తాగితే తెలిసేది కాదు" అంది కటుంగే.

*

అక్టోబరు ఆఖరివారం వాన పడింది. కటుంగే గోనెసంచి నెత్తిన కప్పుకుని పెద్ద వంపు ఒడ్డున నిలబడింది. ఇంతకుముందు తొలి వరద అంటే మరిగిన రాగిజావలా చిక్కగా, ఎర్రగా దూకేది. ఈసారి మొదటి గంటా అలాగే వచ్చింది. మూడునెలల పని, అరవైమంది చేతులు, తన మాట మీద. కదలకుండా చూస్తూనే ఉంది. రెండో గంటకి ఎరుపు పలచబడింది. మూడో గంటకి చెయ్యి ముంచితే వేళ్లు కనిపించాయి.

అప్పుడే ఫోను మోగింది. కితోంగా. "నాలుగో గట్టు తెగిందమ్మా! కింది మూడింటి మీదా నీళ్లు పోస్తోంది!"

అరగంటలో కసియోని నుంచి ముప్పైమంది వానలోనే కొండకి బయల్దేరారు. వాళ్లు వెళ్లేసరికి ముతూనివాళ్లు తెగిన చోట రాళ్లు పేర్చి, దాని వెనక కొమ్మలు, గడ్డి కుక్కి సగం మూసేశారు. మిగతా సగం అందరూ కలిసి మూశారు. బురదలో నడుం దాకా దిగి ఉన్న కితోంగా కటుంగేని చూసి, "చూశావా, నా మట్టిని నేనే పట్టుకున్నా!" అని అరిచాడు.

"పట్టుకుంటే పట్టుకున్నారు గానీ ముందు బయటికి రండి పెద్దయ్యా. మీ కోడలు నన్ను తిడుతుంది."

డిసెంబరులో ముతూనిలో మొక్కజొన్న మనిషి ఎత్తు పెరిగింది. వాలు మీద పచ్చటి మెట్లు రోడ్డు మీద వెళ్లే బస్సుల్లోంచి కనిపించేవి.

జనవరిలో గోడ పని మొదలైంది. ముసెంబి పొడవాటి ఇనుప కమ్మీతో వంపంతా అడుగడుగునా గుచ్చి, బండ ఆకారం మొత్తం ఒడ్డున గీసి చూపించాడు. పగులు దాటి పదిహేను అడుగులు ఎగువన గోడ వేయాలన్నాడు. కియిలు తన కొలతలు చూసుకుని, తన గీత చెరిపేసి, ముసెంబి గీత మీద మేకు కొట్టాడు.

మూడోవారంలో ఒక లారీ ఒడ్డున వచ్చి ఆగింది. పట్నం నుంచి ఎప్పుడూ వచ్చే లారీయే. డ్రైవరు తల బయటపెట్టి, "ముసెంబీ! మీవాళ్లని పిలువు. సాయంత్రంలోగా మూడు ట్రిప్పులు కావాలి" అన్నాడు.

రాళ్లు మోస్తున్న రెండు ఊళ్లవాళ్లూ ఆగిపోయారు. కటుంగే నెత్తిన ఉన్న తట్ట దించలేదు. ముసెంబి వైపే చూసింది.

ముసెంబి మెల్లగా చేతులు దులుపుకున్నాడు. "ఇక్కడ ఎత్తం. రేవు కింద, వానలయ్యాక. అదీ మేం చెప్పినంత."

"ఇదెప్పటినుంచి? నువ్వు ఎత్తకపోతే ఇంకొకడు ఎత్తుతాడు."

"ఇంకొకడా? చూడు అటు" అన్నాడు ముసెంబి. ఒడ్డు పొడుగునా నూటముప్పై మంది, చేతుల్లో రాళ్లు, పారలు, తట్టలు. "వాళ్లలో ఏ ఒకడు కావాలో ఏరుకో."

లారీ వెనక్కి తిరగడానికి కాస్త ఇబ్బంది పడింది. ముసెంబే వెళ్లి, "కుడికి, కుడికి, ఇంకా కుడికి" అని దారి చూపించాడు. అది వెళ్లిపోయాక వచ్చి రాళ్లు అందుకున్నాడు.

ఫిబ్రవరి పదోతేదీకి గోడ లేచింది. రెండడుగులే. "ఇంతేనా?" అన్నారు చాలామంది. ఒకేసారి ఎత్తుగా కడితే నీళ్లు నిలిచి సన్నమన్ను దిగుతుందని, పొట్టిగా కడితే మన్ను పైనుంచి పోయి ముతకఇసుక మిగులుతుందని, అది నిండాక ఇంకో రెండడుగులు లేపుదామని కియిలు చెప్పాడు. ముసెంబి ఆ మాటే తన మాటగా ఊరంతా చెప్పుకొచ్చాడు.

మార్చి, ఏప్రిల్ వానలకి గోడ వెనక ఇసుక నిండింది. గరుకు ఇసుక, పిడికిట పట్టి వదిలితే గలగలా రాలిపోయేది. జూలైలో, నిరుడు గోతిలోకి దిగిన నెలలోనే, కటుంగే మోకాళ్ల మీద కూర్చుని మోచేతి లోతున తవ్వింది. నీళ్లు ఊరాయి. అవి తేటపడేదాకా ఆగి తాగింది. గాడిద నాలుగు డబ్బాలతో పొద్దెక్కకముందే ఇంటికి చేరింది. కట్లు విప్పినా పొద్దు మిగిలిందేమిటన్నట్టు అది అలాగే నిలబడింది.

సెప్టెంబరులో రెండో గోడ ఎక్కడ కట్టాలో తేల్చడానికి రెండు ఊళ్లూ మళ్లీ బడి ఆవరణలో కూర్చున్నాయి. కసియోని రేవు దగ్గర కట్టాలని కటుంగే పట్టుబట్టింది. ముతూని కింద, కొండ మలుపులో కడితే ఎగువవాళ్లకీ నీళ్లు దక్కుతాయని కితోంగా అన్నాడు. వాదన గంటన్నర నడిచింది. చేతులెత్తమంటే తొంభై రెండు కితోంగా వైపు, నలభై ఒకటి కటుంగే వైపు లేచాయి. ముసెంబి చెయ్యి కితోంగా వైపే ఉంది.

"ఏం మరిదీ, ఉప్పు తిన్న ఇల్లు మర్చిపోయావా?" అంది కటుంగే.

"అక్కడ బండ పగుల్లేకుండా ఉంది వదినా. నేను గుచ్చి చూశాను."

ఆమెకి ఓడిపోయినందుకు కోపం రావాలి. రాలేదు. తొమ్మిదేళ్ల కింద తను ఒక్కతే గోడ అని అరిస్తే అందరూ తలూపారు. ఇప్పుడు తన మాటని కాదనడానికి తొంభై రెండు మందికి కారణాలున్నాయి, వాటిని ఒకరొకరుగా లేచి చెప్పారు కూడా. లేచి, మెడ చుట్టూ వేసుకున్న లెస్సో గుడ్డ దులిపి నడుముకి బిగించింది.

"అయితే సోమవారం కొండ మలుపులో" అంది. "పెద్దయ్యా, వంట మీదే కదా?"

"మాదే. కానీ ఈసారి ముప్పైమందిమి ముందే వచ్చి మలుపు పైన వాలు మీద కందకాలు మొదలెడతాం" అన్నాడు కితోంగా. "మీరు ఆలస్యంగా వస్తే చల్లారిన కూడే."